కుంచం సారు కట్టలు

ఆయన రాసింది నేనొక్క ముక్క చదవలే.
తూచిన, అంతే.
దేవరకొండ పోస్టాఫీసుల పందొమ్మిదేండ్లు
ఇత్తడి త్రాసు ముంగట కూసున్నోణ్ని.
ఆయన మొదటి నవల ఎట్లుండె అంటే
ఎనిమిది వందల నలభై గ్రాములుండె అంటా.

పేరు కుంజప్పన్.
మా నోళ్ళల్ల తిరగక కుంచం సారైండు.
ఆ ముచ్చట ఎవరో ఆయన చెవినేసిన్రు.
కోపం రాలే. కుంచానికెన్ని మానికలని అడిగిండట.
ఊరుకో తీరు చెప్తే
అన్నీ చిన్న నోటుబుక్కుల రాసుకున్నడట.

బస్సు దిగిన దినం ఓటల్ల కూసోని
"వెళ్ళం, వెళ్ళం" అన్నడట.
వాళ్ళ భాషల నీళ్ళని.
"వెళ్ళకుంటే కూసో సారూ" అన్నడట సర్వరు.
పదిహేడేండ్లు కూసున్నడు.

డిగ్రీ కాలేజీల ఇంగ్లీషు చెప్పేది.
చేతిల నల్ల గొడుగు ఎన్నడిడిసింది లేదు,
ఎండకు పట్టేటోడు.
ఎప్పుడన్న నాలుగు చినుకులు రాల్తే మాత్రం
గొడుగు ముడిసి చంకల పెట్టుకొని
బజారు నడిమిట్ల తడిసేటోడు.

నెలకో రెండు నెలలకో ఒక కట్ట తెచ్చేది.
జనప దారం, లక్క ముద్ర,
కొట్టాయం అడ్రసు.
ఒకసారి కవరు చినిగి కాయితం బయటికి తొంగిచూసింది.
మన అచ్చరాల లెక్కనే గుండ్రంగుండె
తలకట్టే లేదు,
రుమాలు మరిచి ఎండలకొచ్చిన మనుషుల లెక్క.

పోయిన కట్టలల్ల సగం తిరిగొచ్చేయి.
సంతకం పెట్టి, "ఈదయ్యా, ఒక్కపారి తూచు" అనేది.
"ఐదు గ్రాములు తక్కువొచ్చింది సార్."
"అయితే ఆ ఐదు గ్రాములు చదివిన్రన్నట్టు."
నవ్వితే మీసాలు గూడ నవ్వేయి.

ఆదివారం సైకిలేసుకొని మర్రిగూడ దిక్కు పోయేటోడు.
మా నీళ్ళు తాగి బొక్కలు వంగినోళ్ళ పక్కన కూసోని
నీళ్ళ మాటలు అడిగేటోడు.
జాలు అంటే ఏంది? జల పడుడంటే ఏంది?
బాయి అడుగున మిగిలిన దానికి పేరుందా?
"మా దగ్గర వానకు పేర్లుంటయి ఈదయ్యా,
మీ దగ్గర రాని నీళ్ళకు గూడ ఉన్నయి."
అవన్నీ ఇంగ్లీషుల రాసి యూనివర్సిటీకి పంపిండు.
కిలో మూడొందలు. ఆ ఏడు తూచిన కట్టలల్ల అదే పెద్దది.
డాక్టరైండు.

డాక్టరైండన్న మాట మర్రిగూడకు ముందే పోయింది.
ఆ ఆదివారం అవ్వలు వరుసగ కూసోని
వంగిన మోకాళ్ళు ఆయన ముంగట పెట్టిన్రు.
సారు నోటుబుక్కు మూసిండు.
సైకిలు నడిపించుకుంటనే వచ్చిండు, ఎక్కలే.
ఆరు నెలలు నాకు ఒక్క కట్ట రాలే.

రిటైరై ఆయన పోయిండు. తర్వాత నేనైన.
మొన్న ఒక పార్సిలొచ్చింది,
త్రాసు ఈదయ్య, దేవరకొండ అని ఉంది, ఇంటి నంబరు లేదు.
కొత్త పోస్టుమాను పిల్లగాడు మూడు గల్లీలు తిరిగిండు.
అచ్చేసిన పుస్తకం.
అరచేతిల పెట్టి మూడొందల డెబ్బై అన్న.
కిరాణా కొట్ల తూపిస్తే డెబ్బై రెండు.

కంటికి పట్టీ మార్పిచ్చుకోను మిషన్ దవాఖానకు పోయినప్పుడు
చంకలుంచుకొని పోయిన.
సిసిలీ సిస్టరుది ఆ దేశమే.
నిలబడే గడగడ చదువుకుంట పోయింది,
వాన పడ్డట్టే ఉంది, నాకేం సమజైతది.
నడుమ ఒక్కకాడ ఆగింది.
"ఇది మా మాట కాదు తాతా.
చె... లి... మె."

ఎండిన వాగుల ఇసుక తోడి
మోచెయ్యంత గుంత చేస్తం బిడ్డా.
ఎంటనే ముంచొద్దు,
ఊరి, తేటయ్యే దాంక పక్కన కూసోవాలె.

ఆమె మందుల చీటీ ఎనక రాసుకుంది.
ఇంకింత దూరం పోయి మల్లొక కాడ ఆగింది, జాలు.
పదకొండు మాటలు చెప్పిన.
ఇంతల వార్డుల ఎవరో బెల్లు కొట్టిన్రు,
ఆమె ఉరికింది.

మిగతా పుస్తకం
నాకింకా బరువే.